బడి గోడ మీద ఖాళీ పడవ

సీతమ్మధారలో నేను చేపలు అమ్మే ఇళ్ళ హాళ్ళలో సముద్రం బొమ్మలు చాలా చూశాను. ఒడ్డున ఖాళీ పడవ ఒకటి తప్పకుండా ఉంటుంది. అది ప్రశాంతత అంటారు వాళ్ళు. మాకు ఖాళీ పడవంటే ఎక్కినవాళ్ళు తిరిగి రాలేదని.

తొంభైల్లో మా జాలరిపేటలో ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టినప్పుడు నాకు నలభై దాటాయి. బస్సు బోర్డు చదవడం వస్తే చాలనుకున్నాను. అంతకుముందు సింహాచలం వెళ్తుందనుకొని ఎక్కి, గంపతో సహా గాజువాకలో దిగాను మరి.

గుణింతాలు సగంలో ఉండగా, గోడ బోసిగా ఉందని టీచరమ్మ కంచరపాలెం నుంచి పెయింటరును పిలిపించింది. అతను సముద్రం వేశాడు. ఇసుకలో ఖాళీ పడవ, నీళ్ళవైపు వెళ్ళే అడుగులు.

"పడవంటే జీవితం, అడుగులంటే ప్రయాణం" అని చెప్పాడు.

మా అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎల్లిన అడుగులున్నాయి. వచ్చినవేవి బాబూ?"

"రావమ్మా. అదే దీని అర్థం."

మగాళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళిన పూట ఆ గోడ ముందు ఎవరు కూర్చుంటారు? ఆడవాళ్ళంతా ఇళ్ళకు పోయారు. మర్నాడు బడికి వచ్చింది నేనూ, ఒక మేకా. ఇలాగైతే బడి ఎత్తేస్తారంది టీచరమ్మ. నేను పెయింటరును బతిమాలాను.

"పడవలోకి మడుసుల్ని ఎక్కించు బాబూ."

"ఎక్కిస్తే ఏకాంతం పోద్దమ్మా."

"పోనీ. ఏకాంతంతో మాకేటి పని? బడి పోతాది."

గొణుక్కుంటూ ఒక మనిషిని వేశాడు. అత్త వచ్చి చూసింది.

"ఈడెవుడు?"

"ఎవరో ఒకరమ్మా."

"ఎవుడో మన పడవెందుకెక్కాడు? నా కొడుకునెట్టు. మీసాలు కూడా ఎట్టు."

మా ఆయన ఎక్కాక పక్కింటామె ఊరుకుంటుందా? తన మొగుణ్ణి ఎక్కించింది. ఇంకొకామె మరిదిని. ముందురోజే మొగుడితో పోట్లాడినామె అతన్ని పడవలో నీళ్ళు తోడేచోట కూర్చోబెట్టించింది. పెయింటరుకు సముద్రం వచ్చుగానీ మనుషులు రారు. అందరికీ ఒకటే మొహం, మీసాల్లోనే తేడా. చోటు చాలక కొందరు తెరచాప కొయ్యకు వేలాడారు.

"ఇంకొకడెక్కితే ములిగిపోద్ది" అని అతను బ్రష్షు కింద పడేశాడు.

"ఒడ్డునున్న పడవెలా ములుగుద్ది?" అంది అత్త. "ఆ అడుగులు కూడా ఇటేపు తిప్పీ."

తిప్పాడు. కింద పేరు రాయమని టీచరమ్మ అడిగితే, "నాను ఏసినట్టు ఎవలికీ సెప్పకండమ్మా" అని దండం పెట్టాడు. అతను నిచ్చెన తీయకముందే ఆడవాళ్ళు తోసుకుంటూ చాపల మీద సర్దుకున్నారు. టీచరమ్మ 'మ' గుణింతం మొదలుపెట్టింది.