ఓబులేసుకు నేను అంటగట్టిన రోగం

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నా భార్యకు తెలియదు. నాతో పనిచేసినవాళ్ళకు తెలియదు. మీరు ఎవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. చెబుతుంటే ఇప్పుడు కూడా వీధి తలుపు వైపే చూస్తున్నాను. ఎవరొస్తారని? ఎవరూ రారు. అయినా చూస్తున్నాను.

నేను కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా ఉండేవాణ్ణి. ఊరి పేరు రాయను. పిల్లలతో ఫుట్‌బాల్ జట్టు కట్టాను. బూట్లు లేవు, గులకరాళ్ళ మైదానం, అతుకులు వేసిన బంతి ఒకటి. అయినా తాలూకా పోటీల్లో మా జట్టంటే లెక్క ఉండేది. అందుకు కారణం ఓబులేసు. అసలు పేరు అది కాదు, ఇక్కడ అలాగే పిలుస్తాను. పద్నాలుగేళ్ళవాడు. ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని పరుగెత్తితే ఎవరికీ అందేవాడు కాదు. తండ్రి గంగన్న వేరుశనక్కాయల చేలల్లో కూలికి పోయేవాడు.

ఆటలో నీళ్ళు తాగకూడదని నాకు నేర్పినవాళ్ళు చెప్పారు. కడుపులో పట్టేస్తుందని, ఒళ్ళు బరువెక్కుతుందని. నేనూ పిల్లలకు అదే చెప్పాను. చెప్పడమే కాదు, దాన్ని మగతనం కింద లెక్కగట్టాను. నీళ్ళు అడిగినవాణ్ణి మిగతావాళ్ళు నవ్వేలా చేసేవాణ్ణి.

ఆ ఏడు వానల్లేవు. బడి బావి ఎండిపోయింది. అయినా ఆ రోజు నేను నీళ్ళు ఇవ్వనిది, నీళ్ళు లేక కాదు. వరండాలో రెండు కడవలు నిండుగా ఉన్నాయి. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

పోటీలు రెండు రోజుల్లో ఉన్నాయి. ఆటలు మధ్యాహ్నం పెడతారు, ఎండకు అలవాటు పడాలని పదకొండు గంటలకు పిల్లల్ని మైదానంలో దించాను. గంటన్నర ఆడించాను. ఓబులేసు నా దగ్గరకు వచ్చాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"సార్, నోరెండిపోతాంది. రవ్వన్ని నీళ్ళు తాగొస్తా."

"గోలు కొట్టు. అప్పుడు తాగుదువు."

వాడు వెళ్ళాడు. ఎదురుచెప్పలేదు. కాసేపటికి వాడి పరుగు తప్పింది, తాగినవాడిలా పక్కకు పక్కకు పోతున్నాడు. నేను చూశాను. చూసి కూడా విజిల్ వేయలేదు. ఎందుకు వేయలేదు? గోలు కొడతాడేమోననా? నా మాట నెగ్గాలనా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఆ రెండో జవాబు దగ్గరే ఆగిపోతున్నాను.

పడిపోయాడు. కళ్ళు తేలేశాడు. చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. ముట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టు ఉంది, చెమట చుక్క లేదు. ఎద్దులబండి మీద వేసుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడవునా నేను వాడి కోసమే ఏడ్చానని పిల్లలు అనుకున్నారు. అబద్ధం. నా కోసం ఏడ్చాను. వీడు చస్తే నా ఉద్యోగం పోతుంది, పోలీసులొస్తారు, గంగన్న కొడవలి పట్టుకుని వస్తాడు. ఇవే ఆలోచనలు.

డాక్టరు ఎంతసేపు ఆడాడని అడిగాడు. పది నిమిషాలన్నాను. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా కొట్టుకున్నాడా అన్నాడు.

ఆ ప్రశ్నలో నాకు ఒక సందు కనబడింది. దూరిపోయాను. కొట్టుకున్నాడన్నాను. డాక్టరు చీటీ మీద మూర్ఛ అని రాశాడు.

సాయంత్రానికి పిల్లవాడు కళ్ళు తెరిచాడు. గంగన్న చేలో నుంచి అలాగే వచ్చాడు, కాళ్ళకు మట్టి.

"మావానికి యానాడూ రాల్యా సార్ ఇట్ల. మీరు చూసినారా?"

"చూసినా గంగన్నా. బడిలో రెండుసార్లు వచ్చింది. నువ్వు బయపడ్తావని చెప్పల్యా."

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. దొరికిపోయాననుకున్నాను.

"మీరు చూసినారంటే నిజమే ఉంటాది సార్," అని చేతులు జోడించాడు.

మైదానంలో పదిమంది పిల్లలు చూశారు కదా, ఒక్కరూ నోరు విప్పలేదేమని మీరు అడగవచ్చు. నీళ్ళు అడగడమే తప్పని వాళ్ళకు నేర్పింది నేనే. వాళ్ళకు అందులో చెప్పాల్సిన సంగతేమీ కనిపించలేదు.

తరువాతి వారం నుంచి మైదానం పక్కనే కడవ పెట్టించాను. పిల్లలంటే ప్రాణం ఈ సారుకు అన్నారు ఊళ్ళో.

ఓబులేసును ఆటలో నుంచి తీసేశాను. ఆ పని కూడా నేనే చేయాల్సివచ్చింది, రోగిని ఆడించకూడదు కదా. రోజూ మాత్రలు. ఒంటరిగా బావి దగ్గరకు పోనిచ్చేవారు కాదు. మేనమామ లారీ నడిపేవాడు, పని నేర్పిస్తానన్నవాడు వద్దన్నాడు. గంగన్న పక్క ఊళ్ళో ఎవరి దగ్గరికో తీసుకుపోయి, కాల్చిన కడ్డీతో నుదుటి మీద, రెండు అరికాళ్ళ మీద వాతలు పెట్టించాడు. నేను బదిలీ అడుక్కుని శింగనమల వైపు వెళ్ళిపోయాను. వాడికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రానందుకు అందరూ వాతలకు, మాత్రలకు దండం పెట్టుకున్నారు.

పోయినేడు కళ్యాణదుర్గం బస్టాండులో ఎవరో నా కాళ్ళకు దండం పెట్టారు. ముందు నుదుటి మచ్చ కనిపించింది.

"గుర్తుపట్టినారా సార్? ఓబులేసుని. మీరు ఆ పొద్దు ఆసుపత్రిలో చెప్పకపోతే నేను ఉండేవాణ్ణి కాదు."

మేనమామ కూతుర్నే చేసుకున్నాడట. ఏడాది పాప ఉందట. గొర్రెలు మేపుకుంటున్నాడు.

"మొన్న పాపకు జరమొచ్చి కాళ్ళూ చేతులూ కొట్టుకునింది సార్. నా రోగమే దానికొచ్చిందని మా నాయన అంటాండాడు. ఆదివారం వాత పెట్టిచ్చాలంట."

"చంటిబిడ్డకు వాతలెందుకప్పా? పెద్దాసుపత్రికి తీసకపో."

"నాకు పెట్టినాకనే గదా సార్ మళ్ళీ రాల్యా."

ఒక్క మాట చాలు. నీకు రోగం లేదప్పా అంటే చాలు. వాడి చేతిలో గొర్రెల కాపరి కర్ర ఉంది, నేను దాని వైపే చూస్తున్నాను. అనంతపురం బస్సు కదిలింది. ఎక్కేశాను.

నిద్ర లేదు. ఆదివారం దాటాక, మంగళవారం, ఆ ఊరికి వెళ్ళాను. ఆదివారానికి ముందే ఎందుకు వెళ్ళలేదు? ఆలస్యమైతే ఇక చెప్పే పని ఉండదనా? అవును, అదే అనుకుంటాను.

గంగన్న ముసలివాడయ్యాడు. నన్ను చూసి మంచం వాల్చాడు, చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. పాప ఉయ్యాలలో పడుకుని ఉంది. బొడ్డు పక్కన రూపాయంత పుండు, పసుపు రాసి ఉంది. ఈగలు తోలుతూ తల్లి కూర్చుంది. నేను మజ్జిగ తాగాను. ఎండల గురించి, కాయల ధర గురించి మాట్లాడాను. లేచి వచ్చేశాను.

ఈ కాగితం వాళ్ళకు కదా పంపాల్సింది అంటారు మీరు. నిజమే. కవరు మీద గంగన్న పేరు రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చించాను. మీకు రాసేంత ధైర్యం ఉంది, వాళ్ళకు పంపేంత లేదు. దీన్ని మీరు క్షమించకండి. నేను అడగడం లేదు.

ఒక్కటి మాత్రం పూర్తిగా రాసి ఆపుతాను. ఓబులేసుకు మూర్ఛ లేదు. ఎప్పుడూ లేదు. దాహం వేసింది, అడిగాడు, నేను ఇవ్వలేదు. వాడి బిడ్డకు వచ్చింది జ్వరం.

ఇది ఇక నాకొక్కడికే తెలిసిన సంగతి కాదు.