వంతు తప్పిన భోజనం

మా ఊరి సంఘం నన్ను సాగనంపిన రోజు మెడలో బంతిపూల దండ వేసి, పరదేశ సేవకు వెళ్తున్న మన బిడ్డ అని మైకులో చెప్పారు. కోనసీమలో మా పెద్దలకు ఇచ్ఛాపురం దాటితే అంతా పరదేశమే. నేనూ అలాగే నమ్మాను. ఎనభయ్యో దశకం తొలి రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు, బైబిలు పాఠశాల నుంచి అప్పుడే బయటపడ్డాను. తెలుగు చర్చికి ఎలా వెళ్లాలని అడగడానికి ఒకే ఒక్క హిందీ వాక్యం నేర్చుకుని, రైల్లో దారి పొడవునా దాన్నే వల్లె వేసుకున్నాను. ఖరగ్‌పూర్‌లో దిగి, స్టేషను బయట రిక్షా అతని ముందు నిలబడి అప్పజెప్పాను. అతను ఓపిగ్గా చివరిదాకా విని, "ఏ లైనుకెల్లాల బాబూ?" అన్నాడు. ఆ పరదేశంలో నాకు దొరికిన మొదటి సిగ్గు అది. తర్వాత వచ్చినవాటి ముందు అది లెక్కలోకి రాదు.

మా సంఘంలో అందరూ రైల్వేవాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి వర్క్‌షాపులోనూ లోకోషెడ్డులోనూ కుదురుకున్న కుటుంబాలు. మొత్తం పాతిక గడపలుంటాయి. వాళ్ల అన్నదమ్ములూ మేనమామలూ రైల్వే క్వార్టర్ల పక్క లైన్లలోనే ఉండేవారు, కాకపోతే వాళ్లు హిందువులు. సంఘంలో చాలామంది తమ కళ్లముందే అటునుంచి ఇటు వచ్చినవారు. మా సంఘపెద్ద వర్క్‌షాపులో ఫిట్టరు. మా నాన్న వయసు మనిషి. నేను గదిలోకి వస్తే లేచి నిలబడి "అయ్యగారూ" అనేవాడు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకునేవాణ్ని.

చర్చి పక్కన నాకొక గది ఇచ్చారు కాని అందులో పొయ్యి లేదు. బోధకుడికి వంతులవారీగా భోజనం పెట్టడం అక్కడి ఆచారం. రోజుకొక ఇల్లు. వంతు వచ్చిన ఇంట్లో అయ్యగారు తిని లేచేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. అడుక్కునేవాడికి అరవై ఊళ్లంటారు. నాకు పాతిక గడపలు. నా కంచంలో గుడ్డు పడితే ఇంట్లో మిగతావాళ్ల కంచాల్లో చారు ఉండేది. అది చూశాక నాకు ముద్ద దిగేది కాదు. వీళ్లకు ఏదో ఇవ్వడానికి వచ్చానని దండ వేయించుకున్నవాణ్ని, వీళ్ల పిల్లల నోటిదగ్గరిది తింటున్నాను. అందుకని మనసులో ఒక నియమం పెట్టుకున్నాను. ఏ ఇంట్లోనూ రెండోసారి అడగకూడదు, పెడతామన్నా చెయ్యి అడ్డం పెట్టాలి. వాళ్లు నన్ను మితభోజి అనుకునేవారు. నేను మాత్రం సాయంత్రం గోల్‌బజార్‌కు పోయి, మరమరాలు కొనుక్కుని (వాటిని అక్కడ మురీ అంటారు), సంఘంవాళ్లెవరూ చూడకుండా చేపల సందు వెనక నిలబడి తినేవాణ్ని. బెంగాలీ రాదు కనక మురీ కూడా వేలితో చూపించే కొనేవాణ్ని.

మొదటి వారాల్లో వంతు ఇంటికి రోజూ ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లేవారు. గుడ్డివాణ్ని నడిపించినట్టు నడిపిస్తుంటే అదొక సిగ్గు. ఒక శనివారం, ఇక నేనే వెళ్తాను, గుర్తులు చెప్పండి చాలని పెద్దాయనతో అన్నాను. నీళ్ల ట్యాంకు దాటాక రెండో లైను, వాకిట్లో బొప్పాయి చెట్టు అని చెప్పాడు. ఆ ట్యాంకు దగ్గర లైన్లు రెండువైపులా పోతాయన్న సంగతి ఆయనకు చెప్పాలని తోచలేదు. ఇక బొప్పాయి చెట్టు లేని క్వార్టరు ఆ కాలనీలో లేదు.

నేను అటు తిరగాల్సింది ఇటు తిరిగాను. బొప్పాయి చెట్టు కనబడింది. గుమ్మంలో యాభై దాటిన ఒకావిడ నిలబడి దారివైపే చూస్తోంది. ఆమె నుదుట బొట్టు లేదు. మాలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. అందుకే ఆ ఖాళీ నుదురు చూడగానే మనవాళ్లేనని నా ప్రాణం కుదుటపడింది. బొట్టు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుందని, అదే లోకంలో ఎక్కువమందికి తెలిసిన కారణమని, ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు.

"వచ్చినావా బాబూ. నీ కోసమే సూస్తన్నాను. కాళ్లు కడుక్కో," అంది.

తల వంచుకుని లోపలికి వెళ్తే నేలమీద పీట వేసి, అరిటాకు పరిచి ఉంది. మిగతా ఇళ్లలో స్టీలు కంచమే పెట్టేవారు. ఇది నాకు చేస్తున్న ప్రత్యేక గౌరవం అనుకున్నాను. నన్ను గోడకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఆమె ఎదురుగా కూర్చుంది. నేను కళ్లు మూసుకుని మనసులో ప్రార్థన చేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆమె కూడా చేతులు జోడించి ఉంది. అది చూసి నాకింకా ధైర్యం వచ్చింది.

వడ్డించింది చేపల పులుసు. చింతపండు పులుసు, చిక్కగా, మా అమ్మ చేతిలోంచి వచ్చినట్టు. అప్పటికి కొన్ని వారాలుగా రోజువారీ కూరల్లోని ఆవనూనె వాసనా లావు ఉప్పుడు బియ్యమూ నా గొంతులో అడ్డుపడుతున్నాయి. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నా నియమం ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఆకు ఖాళీ అయ్యాక తలెత్తి, "అమ్మా, పులుసు ఇంకొంచెం వేస్తారా?" అన్నాను.

ఆమె చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. తర్వాత పులుసు పోసింది, చేపముక్క కూడా వేసింది. నేను తింటున్నంతసేపూ ఆమె నన్ను చూస్తోందో, నా భుజం మీదుగా గోడను చూస్తోందో అర్థం కాలేదు.

చెయ్యి కడుక్కోవడానికి లేచి వెనక్కి తిరిగాను. గోడకు ఒక ఫొటో ఉంది. నా వయసు కుర్రాడు, సన్న మీసం, మెడలో పూలదండ. దానిముందు దీపం వెలుగుతోంది. దీపం పక్కన ఇంకో ఆకు, ఆ ఆకులో అదే అన్నం, అదే పులుసు.

అప్పుడే గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. వర్క్‌షాపులో కొత్తగా చేరిన అప్రెంటిసు. ఆలస్యమైందని, ఆమె తమ్ముడు తనను భోజనానికి పంపాడని చెప్పాడు. ఆమె అతణ్నీ నన్నూ మార్చిమార్చి చూసింది. ఆమె ఎదురుచూసింది తానెప్పుడూ చూడని ఒక కుర్రాడి కోసం. నేను వెతికింది నేనెప్పుడూ చూడని ఒక ఇంటి కోసం. ఎవరి పొరపాటు వాళ్లకు సరిగ్గా అమరింది. నేను చర్చి బోధకుణ్నని, ఇల్లు తప్పి వచ్చానని చెప్పాను. నేల చీలితే అందులోకి దిగిపోయేవాణ్ని.

ఆ వంట ఒక్కడే తినాలట, అది ఆ ఇంటి ఆచారం. అప్రెంటిసుకు టీ ఇచ్చి వరండాలో కూర్చోమంది. నామీద కోప్పడుతుందని ఎదురుచూశాను. ఆమె నాకు తువ్వాలు అందించి మెల్లగా అంది: "ఏడాదికోపాలి మావోడి పేరు సెప్పి వోడి వయసు పిల్లోణ్ని పిలిసి పెడతాను బాబూ. అందరూ బయ్యంగా తినీసి ఎల్లిపోతారు. రెండోపాలి ఎవులూ అడగనేదు. మావోడు అడిగీవోడు."

అక్కణ్నుంచి అసలు వంతు ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లాను. వాళ్లు తినకుండా కూర్చుని ఉన్నారు. దారి తప్పానని మాత్రం చెప్పి, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని రెండు ముద్దలు మింగాను. సాయంత్రానికి అప్రెంటిసు నోట ఆ కథ లైన్లన్నీ తిరిగింది. చచ్చిపోయినవాడి కూడు చర్చి అయ్యగారు తిన్నాడట. చనిపోయినవాళ్లకు పెట్టినది మాలో ముట్టకూడదు. ఆ రోజు గోల్‌బజార్‌కు వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

ఆదివారం నేను పుల్పిటు వైపు నడుస్తుంటే పెద్దాయన అడ్డం వచ్చి, ఈ పూట ఆరాధన తాను నడిపిస్తానన్నాడు. ఆరాధన అయ్యాక ఎవరినీ లేవొద్దన్నాడు. నా వంక చూడకుండా, చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడాడు.

"మా యమ్మ ఏడాదికి మా అన్న ఆకేసి నన్ను పిలిసినాడు. ఎల్లినాను గాని ముట్టనేదు. ఆకు ముందు కూసుని లేసిపోనాను. మా యమ్మ కూడు అది. ఆ దినం నుంచి మా అన్న నాతో మాటాడ్డు. ఇక్కడ కూసున్నోళ్లలో సగం మందికి ఇలాంటి కత ఒకటుంది. ఇప్పుడు మా అయ్యగారే తింటే, మేం ఇడిసిపెట్టినదంతా ఏటైపోద్ది?"

ఆయన అరిచి ఉంటే తట్టుకునేవాణ్ని. తెలియక తిన్నాను అనే మాట నా నాలుక చివర ఉంది కాని, ఆ మనిషి వదులుకున్నదాని ముందు అది మరీ చవకగా అనిపించి మింగేశాను. తిన్నది నిజమైతే నన్ను వెనక్కి పంపేయాలని ఒకరిద్దరు అన్నారు. దండ వేయించుకున్న మెడతో మా ఊళ్లో రైలు దిగడం కళ్లముందు కనబడింది.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడయింది. ఆమె వచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికి మాత్రం రాకుండా గడప అవతలే నిలబడింది. ఈ సంగతి ఆమెదాకా ఎవరు చేర్చారో నాకిప్పటికీ తెలియదు. నా వంక చూడలేదు. పెద్దాయనతోనే చెప్పింది: "ఆ బాబు మా ఇంట తిననేదు అన్నా. మంచినీల్లు తాగినాడు, ఇల్లు కాదని తెలిసి లేసిపోనాడు. ఆ కుర్రోడేటి సూసినాడు? వోడొచ్చీసరికే ఆకు తీసీసినాను."

చర్చి మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఎవరో స్తోత్రం అన్నారు. పెద్దాయన ముఖంలో బిగువు సడలి, మొదటిసారి నావైపు తిరిగాడు. నేను తలూపితే చాలు. అక్కడితో అయిపోతుంది, దండ నిలుస్తుంది, అయ్యగారు అనే పిలుపూ మిగులుతుంది.

కాని ఆమె ఏం వదులుకుని ఆ మాట అందో అక్కడ నాకొక్కడికే తెలుసు. నేను తినలేదంటే ఆ ఏడాది ఆమె కొడుకు తినలేదన్నమాట. రెండోసారి అడిగిన మనిషే లేడన్నమాట. ముందు రోజు దాకా నా ముఖమే ఎరగని ఆవిడ, నా కూడు పోకూడదని తన బిడ్డ కూడు వదులుకోవడానికి కొంగు కప్పుకుని వచ్చింది.

"తిన్నాను," అన్నాను లేచి నిలబడి. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "ఆకులో ఏమీ మిగల్చకుండా తిన్నాను. పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడ్చిందో, ఇంకేమిటో, కొంగు చాటున కనబడలేదు. మరో మాట లేకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. పెద్దాయన మాత్రం బెంచీ మీద కూలబడినట్టు కూర్చున్నాడు.

నన్ను వెనక్కి పంపలేదు. ఉంచనూ లేదు. పైవాళ్లకు కబురు పెట్టి, వాళ్లు తేల్చేదాకా పుల్పిటు ఎక్కొద్దన్నారు. ఆదివారాలు చాప మీద చివరి వరసలో కూర్చునేవాణ్ని. అయితే వంతులు ఆపలేదు. ఒక్క రోజు కూడా. బోధించే రోజుల్లో తినడమే సిగ్గనుకున్నవాణ్ని, ఏ పనీ చెయ్యకుండా తినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుసుకున్నాను. ఆపించమని పెద్దాయనను బతిమాలాను. పుల్పిటూ కూడూ ఒకటి కాదన్నాడాయన. అప్పటికే అయ్యగారూ అనడం మానేశాడు.

తర్వాత ఆయన ఇంటి వంతు వచ్చింది. ఆయన భార్య చేపల పులుసు పెట్టింది. అదే చింతపండు పులుసు. వాళ్లూ ఆమె వైపు నీళ్లు తాగి పెరిగినవాళ్లే మరి, వేరే ఎలా వండుతారు. నేను తల వంచుకుని తిన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చింది. అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టాను.

పెద్దాయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను తినందే ఆయన తినడు కదా.

"ఆయమ్మ కాడ అడిగినావు గదా బాబూ," అన్నాడు. "మా ఇంట ఎప్పుడూ అడగనేదేటి?"

ఆ గొంతులో కోపం లేదు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇన్ని వారాలుగా ఈ పాతిక గడపల ఆడవాళ్లు, నేను చెయ్యి అడ్డం పెట్టినప్పుడల్లా, తమ వంట అయ్యగారి నోటికి పట్టలేదనుకుంటూ గిన్నెలు లోపలికి తీసుకెళ్లారు. నేను దాన్ని వినయం అనుకున్నాను. ఆ రోజు పడ్డంత సిగ్గు నేను చర్చిలో లేచి నిలబడినప్పుడు కూడా పడలేదు.

తలెత్తలేక, కంచం ముందుకు జరిపి, పులుసు ఇంకొంచెం వెయ్యమ్మా అన్నాను. ఆవిడ వేసింది. అప్పుడు పెద్దాయన స్టూలు దిగి, తన కంచం తెచ్చుకుని నా పక్కన నేలమీద కూర్చున్నాడు.