ఆకిబ్ ఊ అన్న బండి

నిజామాబాద్ అర్సపల్లి దగ్గర ఆకిబ్‌కు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో రిపేర్లు చేస్తాడు గానీ, ఊళ్లో అతనికి పేరు వచ్చింది రిపేర్ల వల్ల కాదు. బోధన్, వర్ని, ఆర్మూర్ దిక్కున ఎవరైనా పాత కారు కొనాలనుకుంటే ముందు అతనికి ఫోన్ చేస్తారు. హైదరాబాద్ అయినా నాందేడ్ అయినా వెంట తీసుకుపోతారు. ఆకిబ్ ఊ అంటే కొంటారు, ఊహూ అంటే చాయ్ తాగి వెనక్కి వస్తారు.

మీటరు మీది అంకెను అతను అందరికంటే చివర చూస్తాడు. ఎక్కి దిగేటప్పుడు తొడ రాసుకునే సీటు అంచు, బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు తోలు, టైర్ల మీద అచ్చయిన తయారీ ఏడాది, ముందు ఇవే చూస్తాడు. ఇరవై వేలే తిరిగానని మీటరు చెబుతుంటే పెడలు రబ్బరు గులకరాయిలా నున్నబడి ఉందనుకోండి, ఎవరో ఆ మీటరును వెనక్కి తిప్పినట్టే. తర్వాత బండి కింద దూరతాడు. ఆ తర్వాతే తాళంచెవి అడుగుతాడు. ఈ వరస అతనికి షార్జాలో అబ్బింది. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు అక్కడ ఖరీదైన స్పోర్ట్స్ కార్లు అమ్మే యార్డులో పనిచేశాడు. అక్కడ అతనికి పని నేర్పిన ఉస్తాద్ ఒక మాట అంటూ ఉండేవాడు: ఎక్కువ తిరిగిన బండి అలిసిపోతుంది, అసలు తిరగని బండి లోపల్లోపల కుళ్లిపోతుంది. రెండోదే ఎక్కువ మోసం చేస్తుందని.

జ్యోతిరాణి అతనికి పాత ఖాతాదారు. జక్రాన్‌పల్లి వైపు పసుపు పండించే ఇంటి ఆడపడుచు. టౌన్లో పసుపు కొమ్ములు పొడి పట్టే గిర్ని నడుపుతుంది. గిర్ని వ్యాన్లన్నీ ఆకిబ్ షెడ్డుకే వస్తాయి. పెళ్లికి ముందే పసుపు కొమ్ముల బస్తాలు వేసుకుని ట్రాక్టరు తానే తోలుకుంటూ మార్కెట్ యార్డుకు వచ్చిన మనిషి ఆమె. అప్పట్లో జనం నిలబడి చూసేవారట. భర్త పోయి, బిడ్డ చదువు పూర్తయి, గిర్ని నిలదొక్కుకున్నాక ఒకరోజు షెడ్డుకు వచ్చి ఫోన్లో ఫొటో చూపించింది. పసుపు రంగు కారు, రెండే సీట్లు, నేలకు ఆనినట్టున్న పొట్ట. ఇంజను సీట్ల వెనక. ఇటలీలో తయారైంది.

"అన్నా, నవ్వకు. హైదరాబాద్ల ఉన్నదట. కొందామనుకుంటున్న."

ఆకిబ్ నవ్వలేదు. ఫోను ఆమె చేతిలోంచి తీసుకుని ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"గీ రోడ్ల మీద ఎక్కడ తోల్తవ్ అక్కా?"

"బోధన్ రోడ్డు మీద తోల్త. పొద్దుగాల పోయి చాయ్ తాగొస్త. ఎవలకేం నష్టం? నాకు బండి గురించి ఏం తెల్వదు. నువ్వు ఊ అంటే ఊ, వద్దంటే ఇడ్సిపెడ్త."

ఇద్దరూ కలిసి హైదరాబాద్ వెళ్లారు. బండి ఒక పెద్ద మేడ సెల్లార్లో గుడ్డ కప్పుకుని ఉంది. యజమాని కిందికి దిగిరాలేదు, డ్రైవరు చూపించాడు. గుడ్డ తీయగానే ఆకిబ్ రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడిపోయాడు. షార్జా వదిలాక ఇన్నేళ్లలో అలాంటి బండిని ముట్టుకున్నది లేదు.

మీటరు పదకొండు వేల కిలోమీటర్లు చూపించింది. అది అబద్ధం కాదు. సీటు అంచు ముడతపడలేదు, పెడలు రబ్బరు గీతలు చెక్కుచెదరలేదు. బండి నిజంగానే తిరగలేదు. అయితే టైర్లు బండితో పాటు వచ్చినవే, పక్కలకు సన్నగా పగుళ్లు. సర్వీసు కాగితాలు అడిగితే మొదటి రెండేళ్లవి మాత్రం ఇచ్చాడు డ్రైవరు.

"తర్వాత బండి బయటికి తీస్తే కదా భాయ్, సర్వీసు చేయించడానికి!" అన్నాడు.

ఈ మాట ఇంకెవరి బండి దగ్గర విన్నా ఆకిబ్ అక్కడే చేతులు దులుపుకునేవాడు. తిరగని బండికే నూనెలు, రబ్బర్లు, పైపులు ఏళ్ల లెక్కన మార్చాలని అతనికి తెలుసు. ఆరోజు మాత్రం తల ఊపాడు.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. సెల్లారంతా ఉరిమినట్టయింది. జ్యోతిరాణి చెవులు మూసుకుని చిన్నపిల్లలా నవ్వింది. బండి వెనక నిలబడ్డ ఆకిబ్ ముక్కుకు పెట్రోలు వాసన తగిలింది. ఘాటుగా లేదు, ఒక పొర. వంగి చూశాడు. ఇంజను కింద పళ్లెంలాంటి మూత ఉంది, అది విప్పితే గాని ఏమీ కనబడదు. విప్పాలంటే బండిని లేపాలి.

"పెట్రోలు వాసనొస్తున్నది. లిఫ్టు మీద పెట్టి చూడాలె" అన్నాడు.

"రేపు వర్క్‌షాపుకు తెస్తాను. కాకపోతే ఈ సాయంత్రమే బెంగళూరు పార్టీ వస్తోంది. వాళ్లు తీసుకుపోతే నన్నడగొద్దు. వాసనంటారా, చాలా రోజులకు స్టార్టు చేశాం కదా, కొంచెం ఎక్కువ తాగింది" అన్నాడు డ్రైవరు. ఇంజను హోరులో ఈ మాటలేవీ జ్యోతిరాణి చెవిన పడలేదు.

తొందర పెట్టేవాడి దగ్గర కొనొద్దని ఆకిబ్ అందరికీ చెప్పేవాడు. ఇప్పుడు తాళంచెవి తనే అడిగి తీసుకున్నాడు. ఔటర్ రింగు రోడ్డు మీద ఆ ఇంజను వీపు వెనక పాడుతుంటే అతని ఆలోచన ఒకటే. ఈ బండి నిజామాబాద్ రావాలి, నా షెడ్డులో ఉండాలి, రోజూ దీని మీద చెయ్యేయాలి. అందులో అతనికి పైసా లాభం లేదు. ఉత్త ఆశ. తిరిగొచ్చి బండి దిగేసరికి జ్యోతిరాణి అతని ముఖంలోకే చూస్తోంది.

"ఏమంటవన్నా?"

"మంచి బండి అక్కా" అన్నాడు.

బండి నిజామాబాద్ వచ్చింది. ఆకిబ్ నూనెలు మార్చాడు, ముంబై నుంచి టైర్లు తెప్పించాడు. ఈసారి కింది మూత విప్పితే అసలు సంగతి కనబడింది. పెట్రోలు పైపుల రబ్బరు గట్టిపడి ఉంది, వంచితే సన్నని బీటలు. ఒక అతుకు దగ్గర తడి. అతుకు బిగించాడు, తడి తుడిచాడు, కొత్త పైపులకు ఆర్డరు పెట్టాడు. అవి విదేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో తెలియదు. అవి వచ్చేదాకా బండి తోలొద్దని చెప్పాలి. చెబితే, కొనేటప్పుడు ఎందుకు చూడలేదని ఆమె అడుగుతుంది.

"చిన్న పని మిగిలింది అక్కా. సామాన్లొచ్చినంక చేస్త."

"అప్పటిదాంక తోలొచ్చా?"

"మెల్లగ తోలు" అన్నాడు.

మాఘమాసం ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. ఒక మధ్యాహ్నం ఆకిబ్ భోజనానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది.

"అన్నా, బండి అంటుకున్నది. ఎడపల్లి దాటినంక. నేను దిగిన. జల్ది రా."

అతను బైకు మీద చేరేసరికి బండి నల్లటి డొక్కయి ఉంది. బోధన్ నుంచి వచ్చిన ఫైరింజను పక్కనున్న చెరుకు తోటలో నీళ్లు కొడుతోంది. బండి మంట రోడ్డు పక్క ఎండుగడ్డికి, గడ్డి నుంచి చెరుకు ఆకుకు అంటుకుంది. కోతకు వచ్చిన చెరుకు, సగానికి పైగా మసిబారి నిలబడింది. తోట ఈరవ్వది. ముసలామె తోట గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఆమె కొడుకు లింగం జ్యోతిరాణి ముందు నిలబడి కేకలేస్తున్నాడు. వెనక మూత ఎత్తబోయి జ్యోతిరాణి కుడి అరచెయ్యి కాల్చుకుంది. దాని మీద తడి తువ్వాల చుట్టుకుని ఉంది.

"ఏం బండ్లు తెస్తరు మీరు? సూసుకోవద్దా?" అంటున్నాడు లింగం.

"సూసుకోక తెచ్చిన్నా తమ్మీ? గీ అన్న సూసిండు. జిల్లాల గింత తెల్సినోడు లేడు. ఆయన ఊ అన్నంకనే కొన్న. బండిల ఏం లేకుండె. ఎండకు అంటుకున్నదో ఏమో! నీ చెరుకు సంగతి నేను సూస్త, గని బండిని సరిగ సూడలేదని మాత్రం అనకు."

లింగం ఆకిబ్ వైపు తిరిగాడు. కోపం కొంచెం తగ్గించుకుని, "అన్న మనకు తెల్వనోడా. అన్న సూసిండంటే ఇగ మన నసీబే" అన్నాడు.

ఆకిబ్ జ్యోతిరాణి చేతి దిక్కు తిరిగాడు. ఆమెను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నాడు, తీసుకుపోయాడు. అక్కడ నర్సు కట్టు కడుతుంటే కూడా జ్యోతిరాణి అతన్నే ఓదార్చింది.

"నువ్వట్ల మొకం పెట్టకు అన్నా. బండి పోతే పోయింది, పానం ఉన్నది."

ఇంటికొచ్చాక భార్య షాజియా ఏమైందని అడిగింది. బండి కాలిందని చెప్పాడు. "అల్లా దయ, ఆమె బతికింది. నువ్వేం చేస్తావ్?" అన్నదామె. ఎవరూ తనను ఒక్క మాట అనకపోవడాన్ని భరించడం అతని వల్ల కాలేదు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కాలిన చెరుకు ఆగదు. వెంటనే కొట్టి మిల్లుకు పంపకపోతే రసం పులిసిపోతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు దూరపు మిల్లుకు లారీల్లో పోవాలి. అనుకోకుండా వచ్చిపడ్డ కోతకు కూలీలు దొరకలేదు. తెల్లారి లింగం ఇద్దరు ముగ్గురితో తోటలో దిగేసరికి ఆకిబ్ కూడా కొడవలి పట్టుకుని వచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, చేతులు కావాలి కాబట్టి. ఆకిబ్‌కు చెరుకు కొట్టడం చేతకాదు. మసి కళ్లల్లో పడింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ మంట అతనికి హాయిగానే అనిపించింది. మధ్యాహ్నం ఈరవ్వ నీళ్లు తెచ్చి అతని పక్కన కూర్చుంది.

"కార్లు బాగుచేసేటోనివి, నీకెందుకు బిడ్డా గీ పని?"

అప్పుడు చెప్పాడు. కొనేముందు వచ్చిన వాసన, తర్వాత తను చూసిన తడి, మెల్లగా తోలమన్న మాట, అన్నీ. ఈరవ్వ చెంబు కింద పెట్టింది.

"గామెకు చెప్పినవా?"

"లేదవ్వా."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? గడలు కొట్టుడు మాకు రాదా? నువ్వు ఈడ సెమట కారిస్తే గామెకేమెరుక? కొడవలి ఆడ పెట్టి పో."

మసి బట్టలతోనే గిర్నికి వెళ్లాడు. జ్యోతిరాణి ఎడమచేత్తో బస్తా కుట్టేవాళ్లకు ఏదో చూపిస్తోంది. ఆమె గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పాడు. గిర్ని చప్పుడుకు ఒకటి రెండు మాటలు వినబడక ఆమె మళ్లీ అడిగింది. అతను మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"వాసన కొనకముందే వచ్చిందా?"

"వచ్చింది."

"నాకు గప్పుడే చెప్తే ఏమైతుండె? కొనకపోదుననుకున్నవా?"

ఆకిబ్ అవునన్నట్టు తల ఊపాడు.

"కొందును. నీకంటె ఎక్కువ నాకే ఆశుండె. పైపులు మార్పిచ్చి కొందును. నెల ఆలస్యమైతుండె, అంతే కద!" ఆమె కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టింది. "నా బాధ చెయ్యి కాలినందుకు కాదన్నా. నిన్న గంతమంది ముందట నీ దిక్కు నిలబడి మాట్లాడిన. నువ్వు పక్కనే ఉండి ఇన్నవ్."

"తప్పయింది అక్కా."

"నాకు చెప్పినవ్. లింగానికి ఎవలు చెప్తరు? నా నోటితోని అబద్ధం చెప్పిచ్చినవ్. పోయి నువ్వే చెప్పు."

అతను మళ్లీ ఎడపల్లి వెళ్లాడు. లారీకి గడలు ఎక్కిస్తున్న లింగం చివరిదాకా విన్నాడు, విని అతని చొక్కా పట్టుకుని ఒక్క తోపు తోశాడు. ఆకిబ్ గడల కుప్ప మీద పడ్డాడు. లింగం మళ్లీ చెయ్యెత్తలేదు. "నా కండ్ల ముందట ఉండకు" అన్నాడు. కానీ మర్నాడు ఆకిబ్ కొడవలితో వస్తే పొమ్మనలేదు. తోట ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ ఒకే సాలులో చెరుకు కొట్టారు.

సంగతి టౌనంతా పాకింది. కొందరు ఆకిబ్‌ను పిలవడం మానేశారు. నిజం ఒప్పుకున్నాడు కదా అని కొందరు మునుపటి కంటే ఎక్కువ నమ్మారు. వాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా అతనికి ఒళ్లు ముడుచుకుపోయేది. ఇప్పుడు ఎవరి బండి చూడబోయినా లిఫ్టు లేనిచోట చూడనంటాడు. తోలి చూడమని తాళంచెవి ఇచ్చినా, ఆ పని కొనేవాళ్లనే చేయమంటాడు.

గిర్ని వ్యాన్లు వేరే షెడ్డుకు పోసాగాయి. వానలు పడ్డాక ఒకరోజు, ఆ షెడ్డు మూసి ఉందని గిర్ని డ్రైవరు హన్మాండ్లు ఒక వ్యానును ఆకిబ్ దగ్గరికి తెచ్చాడు.

"అక్క చెయ్యి ఎట్లున్నది?" అని అడిగాడు ఆకిబ్.

"పుండు మానింది. గని పిడికిలి పూర్తిగ పడ్తలేదు. స్టీరింగు పట్టుకుంట లేదు ఇగ."

ఆకిబ్ ఇంకేమీ అడగకుండా వ్యాను కింద దూరాడు. వెనక చక్రాల బ్రేకులు అరిగిపోయి ఉన్నాయి.

"ఇయ్యాల బండి ఇయ్య. బ్రేకులు లేవు" అన్నాడు బయటికి వచ్చి.

"లోడు ఉన్నదన్నా, డిచ్‌పల్లి దాంక. రేపు తెస్త."

"అక్కకు ఫోన్ చెయ్. బ్రేకులు లేవని చెప్పు. నేను చెప్పిన్నని చెప్పు."

హన్మాండ్లు చేశాడు, చెప్పాడు. స్పీకరులో గిర్ని చప్పుడు వినిపించింది.

"బండి ఆడనే ఉంచు" అన్నది జ్యోతిరాణి. ఫోన్ ఆకిబ్‌కు ఇమ్మనలేదు, పెట్టేసింది. హన్మాండ్లు బస్సు కోసం రోడ్డెక్కాడు. ఆకిబ్ వ్యాను కింద జాకీ పెట్టి వెనక చక్రం విప్పడం మొదలుపెట్టాడు.