బోరు నీళ్ల కాల్షియం

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. సికింద్రాబాద్‌లోని మా కాలేజీ ఫిజియాలజీ ల్యాబు గుర్తొస్తే ముందుగా పొగవాసన వస్తుంది. నెమ్మదిగా తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితానికి దీపం మసి పట్టించేవాళ్లం. కప్ప గుండెకు దారం కడితే, కొట్టుకున్నప్పుడల్లా దారం రెండో కొసనున్న ముల్లు ఆ మసి మీద తెల్లగీత గీసేది. ఎంత ముచ్చటగా ఉండేదో!

గుండెను తడిపే ఉప్పునీళ్లు మా అటెండరు కలిపేవాడు. లాలాగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. యాభై దాటినా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ఆ ఏడు ల్యాబు చూసుకునే మా మేడం సిఫారసు రాస్తే అవుతుందని అందరికీ తెలుసు.

నాకేమో చదువు పొగరు నెత్తికెక్కి ఉండేది. ఒకరోజు ఆయన వరండాలో బోరు నల్లా కింద సీసా పట్టడం చూశాను.

"డిస్టిల్డ్ వాటర్ కదా పొయ్యాలి?"

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే కలుపుతున్న బిడ్డా. గుండె మంచిగనే కొట్టుకుంటది."

ఊరుకోవచ్చుగా! వెళ్లి మేడానికి చెప్పాను. ఆవిడ ఆయన్ని మందలించారు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు అందరికీ స్వచ్ఛమైన నీళ్లతో కలిపిన ద్రావణమే ఇచ్చాడు. పోసిన కాసేపటికి గీతలు పొట్టివైపోయి, ముల్లు కదలడం మానేసింది. పక్క బల్లల మీదా అంతే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందే మేడం ఆయన మీద విరుచుకుపడ్డారు. ఆయన వరండాలోకి వెళ్లి, బోరు నీళ్లతో మళ్లీ కలిపి జగ్గుతో తెచ్చాడు. నా గుండె, అదే, నా కప్ప గుండె మళ్లీ మొదలైంది.

"అయితే ఇందాక తూకం తప్పావన్నమాట," అన్నారు నీళ్లు మారిన సంగతి తెలియని మేడం.

తూకం తప్పలేదు. పుస్తకంలో ఆ ఉప్పునీళ్లలో కలపాల్సినవాటి జాబితా చివరి వరుసలో కాల్షియం క్లోరైడ్ అని ఉంది. ఆ సీసా తేమకు నీరుకారిపోతే ఎప్పుడో పారేశారు. ఇన్నేళ్లూ ఆ లోటు తీర్చింది బోరు నీళ్లలోని కాల్షియమే. నాకు అక్కడే వెలిగింది. నోరు విప్పితే నా ఫిర్యాదు అందరిముందూ బయటపడుతుంది, మేడానికి కోపమొచ్చి నా మార్కులు పోతాయి. విప్పలేదు. ఆయన సిఫారసు ఆగిపోయింది.

పరిశోధనలో చేరాక మిగతాది తెలిసింది. పద్మారావు నగర్‌లో మా ఇంటికి నీళ్లు నిలవచేసుకునే సంపు ఉండేది. నల్లా రాకపోయినా రెండు రోజులు గడిచేది. కాలి కండరం అలాంటిది, కాల్షియాన్ని లోపలే దాచుకుంటుంది. కప్ప గుండెకు మాత్రం ప్రతి దెబ్బకూ బయటి నుంచి రావాలి. అది వచ్చే దారులే కాల్షియం చానెళ్లు. ఎంజైమ్‌లు ఫాస్ఫేటు అతికించి వాటిని ఇంకాస్త తెరిపిస్తాయి. మెదడులోనూ ఒక ఎంజైమ్ ఉంది. కాల్షియం తాకితే మేలుకుంటుంది. కాల్షియం వెళ్లిపోయినా కొంతసేపు పని మానదు. జ్ఞాపకం నిలవడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. ఆ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఆ జగ్గు కనిపిస్తుంది, సిగ్గేస్తుంది.

ఆ ఏడు పరీక్ష ఫలితాలొచ్చిన రోజు ఆయన కాలేజీ గేటు దగ్గర సైకిల్ ఆపాడు.

"ఏమొచ్చింది బిడ్డా?"

"ఫస్ట్ క్లాస్."

"మంచిగైంది. జెర భయమైంది నాకు, నీ గుండె ఆగిపోతే మార్కులు పోతయని," అన్నాడు. "మేడానికి చెప్పింది నువ్వేనని నాకెర్కే. పుస్తకంల ఉన్నదే చెప్పినవు, తప్పేముంది?"

తప్పు, పరీక్ష రోజు అసలు కారణం నేను చెప్పకపోవడం. అప్పుడు కూడా చెప్పలేదు. ఆయన సైకిలెక్కి లాలాగూడ వైపు వెళ్లిపోయాడు.