మద్దిచెక్క ఫౌండేషన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బీటెక్ మెకానికల్ పట్టా చేతికొచ్చి ఏడాది నిండలేదు, మీసం ఇంకా సరిగ్గా కుదురుకోలేదు, అయినా లోకంలో ఏ యంత్రం మూలిగినా దాని రోగమేమిటో దూరం నుంచే చెప్పేయగలనన్న నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. (ఇప్పుడు నా కింద ఇరవై మంది పనిచేస్తున్నారు. మా ఇంట్లో మిక్సీ మొరాయిస్తే మాత్రం నోరు మూసుకుని పక్కవీధి రిపేరు షాపుకి పట్టుకెళతాను.) ఆ నమ్మకంతోనే నేనొకసారి ఒక డాక్టరమ్మగారి ఎర్ర స్పోర్ట్స్ కారులో కర్రముక్కలు దిగ్గొట్టాను. అవును, కర్రముక్కలే. మీరు చదివింది సరిగానే చదివారు.

విశాఖలో గాజువాక వైపు ఒక పెద్ద కార్ల వర్క్‌షాపులో ట్రైనీగా చేరాను. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తారు, నచ్చకపోతే టీ ఇచ్చి పంపేస్తారు. అక్కడి సర్వీసు మేనేజరుని మేమంతా వెనకాల ‘చూద్దాం సార్’ అనేవాళ్లం. సెలవడిగినా, కొత్త జాకీ అడిగినా, నా ఉద్యోగం సంగతడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. మా అయ్య ఫిషింగ్ హార్బర్లో మరబోటు డ్రైవరు. మా ఇంటావంటా చొక్కా జేబు మీద పేరు కుట్టించుకుని పనికెళ్లినవాణ్ణి నేనే మొదలు. అమ్మ అప్పటికే చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ ‘మావోడికి పర్మినెంటైపోనాది’ అని చెప్పి స్వీట్లు కూడా పంచేసింది. కాబట్టి ఆ ఉద్యోగం ఊడితే నేనొక్కణ్ణే కాదు, ఆవిడ కూడా వీధిలో తల ఎత్తుకోలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ఆయన నాకు అయ్య, వర్క్‌షాపులో మాత్రం ‘నాన్నగారు’. ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఫోను మోగినట్టు నటించి బయటికి వెళ్లిపోయేవాణ్ణి.

ఇంకో ఇరవై రోజుల్లో ఆరు నెలలు పూర్తవుతాయనగా ఆ ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తు, చూస్తే చాలు పరిగెత్తుతున్నట్టుండేది. దాని యజమాని ద్వారకా నగర్లో క్లినిక్ ఉన్న కంటి డాక్టరు. యాభై దాటిన మనిషి, తెల్ల జుట్టు, ఆవిడ నడిపే వేగానికి మా కుర్ర డ్రైవర్లు కూడా దండం పెట్టేవారు. “మొదటి గేరు నుంచి రెండోదానికి మారుస్తుంటే ఎవరో వెనక నుంచి గెంటినట్టు ఉందయ్యా. గేరు లివరు కూడా నా చేతిలోంచి ముందుకీ వెనక్కీ పారిపోతోంది” అంది. చూద్దాం సార్ నా భుజం మీద చెయ్యేసి, “ఇది నువ్వు తీసుకో. మేడం సంతోషంగా వెళితే నీ పర్మనెంటు విషయం...” అని ఆగాడు. “చూద్దామా సార్?” అన్నాను నేను. అనకూడదని అన్నాక తెలిసింది.

రోగం కనిపెట్టడం వరకు నేను నిజంగానే బాగా చేశాను, ఆ మాట నన్ను చెప్పుకోనివ్వండి. మా సీనియర్ మెకానిక్ తగరపువలస మనిషి. అందరినీ ‘బావా’ అని పిలుస్తాడు కాబట్టి అందరికీ ఆయనే బావ. ఆయన సీట్లో కూర్చుని క్లచ్ వదులుతుంటే నేను బానెట్ ఎత్తి చూశాను. ఇంజిను మొత్తం కునికిపాట్లు పడే మనిషిలా ముందుకి వాలుతోంది, వెనక్కి లేస్తోంది. ఇంజిను నేరుగా ఇనుము మీద కూర్చోదు, రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. వాటినే మెకానిక్కులు ఫౌండేషన్లంటారు. ఈ కారుకి అడుగున ఉన్న ఫౌండేషన్లో రబ్బరు నలిగి ఖాళీలు పడ్డాయి. ఇంజిను ఊగితే దానికి అతుక్కున్న గేరుబాక్సు ఊగుతుంది, అది ఊగితే గేరు మారేటప్పుడు ధబ్బుమంటుంది. కొత్త ఫౌండేషన్ విదేశం నుంచి రావాలి, నెల పడుతుందన్నారు. నాకున్నవి ఇరవై రోజులు.

అప్పుడు నాకు మా అయ్య గుర్తొచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఇంజినుతో కాపురం చేస్తున్న మనిషి కదా. కార్లు కడిగే షెడ్డు వెనక్కి వెళ్లి, ఎవరూ వినడం లేదని చూసుకుని ఫోను చేశాను.

“అయ్యా, ఇంజిను ఊగిపోతుంటే నువ్వేం చేస్తావు?”

“ఊగుతాదేటి? ఫౌండేషన్ వొదులైపోయుంటాది. మంచి మద్దిచెక్క సెక్కి, సందుల్లో దిగ్గొట్టి బిగించీడమే. ఇంజినూ బోటూ ఒకటే అయిపోవాల. ఇసుమంత కదిలినా కింద ఫ్యాను తిప్పే సాఫ్టు పోద్ది.” అంతా చెప్పేశాక, “ఏ ఇంజినురా?” అన్నాడు.

“ఊరికే, జనరల్‌గా అడుగుతున్నా” అన్నాను. ఎర్ర స్పోర్ట్స్ కారు సంగతి బోటు డ్రైవర్ని అడిగానని నాకు నేను ఒప్పుకోవడం కూడా నామోషీగా ఉండేది. ఫౌండేషన్ అన్నాడు కదా, అదీ ఇదీ ఒకటే మాట, ఇంకేం కావాలి అనుకున్నాను.

మర్నాడు బోట్లు కట్టే చోటికెళ్లి రెండు మద్దిచెక్క ముక్కలు తెచ్చాను. ఉలితో చెక్కి, నూనె పట్టించి, ఫౌండేషన్లో రబ్బరు ఖాళీ ఉన్నచోటల్లా సుత్తితో దిగ్గొట్టాను. బావ పక్కనే నిలబడి చూసి చూసి, “బావా, ఆ కంపినీవోడు రబ్బరెట్టినాడంటే ఆడేమైనా ఎర్రోడేటి? నువ్వేటి సేత్తన్నావో నీకు తెలుత్తందా?” అన్నాడు. నేను రిజిడిటీ అన్నాను, టార్క్ రియాక్షన్ అన్నాను, ఇంకా ఏవో మూడు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో అన్నాను. ఆయన బీడీ వెలిగించుకుని బయటికి వెళ్లిపోయాడు.

గేట్లోంచి రోడ్డెక్కించి చూశాను. గేరు లివరుని వేలితో ఇలా అంటే అలా వెళ్లి కూర్చుంది. ధబ్బు లేదు, గెంటు లేదు. నాకు ఒళ్లు పులకరించింది. (ఆ పులకరింతలో ముప్పాతిక వంతు ఇంజినుదేనని తర్వాత తెలిసింది.) అద్దంలో వెనక వస్తున్న ఆటో రెండుగా కనిపించిందన్న మాట నిజమే. పళ్లు టకటకలాడిందీ నిజమే. స్పోర్ట్స్ కారన్నాక ఆ మాత్రం ఉండాలని సర్దిచెప్పుకుని సాయంత్రం బండి అప్పగించేశాను.

మర్నాడు పదకొండు గంటలకి డాక్టరమ్మగారు తిరిగొచ్చింది. అరవలేదు. బల్ల మీద రెండు చేతులూ చాపింది. “గేరు బ్రహ్మాండంగా ఉంది. కానీ సిగ్నల్ దగ్గర ఆగితే నా కళ్లజోడు ముక్కు మీంచి దానంతటదే జారిపోతోంది. ఇది పట్టుకుని చూడు” అంటూ చెయ్యి నా చేతిలో పెట్టింది. “క్లినిక్‌కి వెళ్లి గంటైనా వేళ్లలో జివ్వుమంటూనే ఉంది. పొద్దున రెండు కళ్ల ఆపరేషన్లున్నాయి. ఈ చేతులతో ఎలా చేస్తాను? వాయిదా వేశాను. పెందుర్తి నుంచి ఒక ముసలాయన తెల్లారకుండానే లేచి బస్సెక్కి వచ్చాడయ్యా, రేపు మళ్లీ రమ్మన్నాను.”

అప్పటిదాకా నాకు ఉద్యోగం గురించే భయం. ఆ ముసలాయన పేరు కూడా తెలియదు, కానీ ఆయన మళ్లీ పెందుర్తి బస్సెక్కడం నా కళ్ల ముందు కనిపించింది, నా మీద నాకే అసహ్యమేసింది. ఆ అసహ్యంలో మనిషన్నవాడు నిజాయితీగా తప్పు ఒప్పుకోవాలి. నేనేం చేశానో వినండి. చూద్దాం సార్ కారుని జాకీ మీద ఎత్తించి, ఆ కర్రముక్కల్ని చూసి మొదటిసారి చూద్దాం అనకుండా, “ఎవరు చెప్పారు నీకిలా చెయ్యమని?” అన్నాడు.

“మా నాన్నగారు సార్.”

“ఆయన ఇంజనీరా?”

“అంటే... మెరైన్ సైడ్ సార్.”

డాక్టరమ్మ వెంటనే, “అయితే ఆయన్నే పిలవండి, మాట్లాడదాం” అంది. వాళ్లిద్దరూ తెల్ల యూనిఫాం, భుజాల మీద పట్టీలు ఊహించుకుంటున్నారని నాకు అర్థమైంది. ఆ పట్టీల్ని అలాగే ఉండనిచ్చి, షెడ్డు వెనక్కెళ్లి అయ్యకి ఫోను చేశాను.

గంటలో మా అయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల, చంకలో గోనెగుడ్డలో చుట్టిన పానాలు. హార్బరు వాసన ఆయనకంటే నాలుగడుగులు ముందే లోపలికొచ్చింది. చూద్దాం సార్ ఆయన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని కాసేపు గేటు వైపే చూశాడు. అయ్య ఎవరినీ పట్టించుకోలేదు. ఇంజిను స్టార్ట్ చేయించి, స్టీరింగ్ మీద అరచెయ్యి ఆనించి, పెద్దగా నవ్వేశాడు.

“ఓరి సచ్చినోడా! బోటు కింద సముద్రముంటాది. ఈ జోరంతా అదే తాగేత్తాది. దీని కిందేటుంది? రోడ్డు. ఇది తాగదు, ఎనక్కి కక్కేత్తాది.”

“నువ్వే కదా మద్దిచెక్కన్నావు!” అన్నాను, ఏడుపు గొంతుతో.

“నాను ఏ ఇంజినని అడగలేదేటి? కారని నువ్వు సెప్పినావేటి?”

చూద్దాం సార్ ఫోనొచ్చి లోపలికి వెళ్లిపోయాడు, డాక్టరమ్మ బయట గేటు దగ్గర నీడలో కుర్చీ వేయించుకుంది. అయ్య కారు కిందకి దూరి చెక్కముక్కలు లాగి పారేశాడు. మా షెడ్డు వెనక పాత టైర్ల గుట్టంతా వెతికి ఒకటి ఏరి, కత్తితో ముక్కలు కోశాడు. ఒక్కో ముక్క ఖాళీలో దూర్చడం, గోటితో నొక్కి చూడడం, మళ్లీ తీసి పలచగా చెక్కడం. నేను నిండా కూరేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. “ఏలు సందు ఒగ్గీ. ఊగనీ, ఎగరనీకు. అంతే దీని లెక్క.” బావ బీడీ పారేసి మరీ ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండు గంటల పనిలో నేను చేసిందల్లా టార్చిలైటు పట్టుకోవడం.

డాక్టరమ్మ ఒక రౌండు కొట్టి వచ్చింది. చేతులు చాపి చూసుకుంది, ముందు ఎడమది, తర్వాత కుడిది. “నిలబడ్డాయి! గేరు కూడా మెత్తగా పడుతోంది. రేపు ఆయనకి ఆపరేషన్ చేసేస్తాను” అంది. సరిగ్గా అప్పుడు చూద్దాం సార్ బయటికొచ్చి, “ఎవరు సెట్ చేశారిది?” అన్నాడు.

“నేనే సార్” అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. నాలుక దానంతటదే పలికేసింది. పొద్దున తప్పు ఎవరిదంటే క్షణం ఆలోచించకుండా అయ్య పేరు చెప్పిన నాలుకే అది. సార్ అనుమానంగా గ్రీజు అంటిన అయ్య చేతుల వైపు చూసి, “మీరు కదండీ చేసింది?” అన్నాడు.

అయ్య చేతులు గోనెగుడ్డకి తుడుచుకుంటూ, “నాకేటి తెలుత్తాది బాబూ, నాను బోటోడిని. రబ్బరుముక్క అందిచ్చినాను, అంతే. మావోడే సేసినాడు” అన్నాడు. నా వైపు చూడలేదు. పానాలు చంకలో పెట్టుకుని బస్సుకి టైమైపోతోందని వెళ్లిపోయాడు.

వారంలో నాకు పర్మనెంటు లెటరొచ్చింది. నెలకి అసలు ఫౌండేషన్ కూడా వచ్చింది, మార్చేశాం. బావ మాత్రం చాలా రోజులు నన్ను ‘బావా’ అని పిలవలేదు. ‘సార్’ అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు ఆ షెడ్డులో లేదు.

మొన్నామధ్య ఒక ఆదివారం భోజనాల దగ్గర ఇదంతా మా ఆవిడకి చెప్పాను. అయ్య ఎదురుగానే వంజరం ముక్కలో ముళ్లు ఏరుకుంటున్నాడు. ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను, నాకు సిగ్గుగా ఉంది, ఆ పని మొత్తం నీదేనని ఆయన ముందే అన్నాను. ఆయన తలెత్తకుండా, “ఈడి మాటలినకమ్మా. ఆడే సేసినాడు, నాను పక్కనుండి సూసినాను” అన్నాడు. బతిమాలాను, ఒట్టేశాను, టైరు గుట్ట ఎక్కడుండేదో కూడా చెప్పాను. ఆయన మాట మార్చలేదు. మా ఆవిడ నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ, “పోనీలెండి, ఆయనకి పేరు రావాలని మీరెంత అబద్ధమాడినా మావయ్యగారు ఒప్పుకోరు” అంది.