చీటీతో నడిచే మనిషి

ఆసుపత్రిలో అందరూ ఆమెను నిదానమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప అది ఎవరికీ గుర్తు లేదు. ఇంటెన్సివ్ కేర్ వరండాకు ఈ చివర రెండు బీరువాల మధ్య మిగిలిన జాగాలో ఆమె ఉద్యోగం. అందులో ఒక మిషను, ఒక స్టూలు, ఐసుముక్కల డబ్బా, ఆమె. ఇంకొకరు రావాలంటే ఆమె లేచి బయటికి పోవాలి. లోపలి పడకల మీద ఉన్నవాళ్ళ మణికట్టు దగ్గర నర్సు రక్తం తీసి పంపిస్తే, నిదానమ్మ ఆ సిరంజిలో గాలిబుడగ లేకుండా చూసి, రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, మిషను మూతికి అందిస్తుంది. మిషను దాన్ని గుటుక్కున మింగి, కాసేపు గొణుక్కుని, ఒక చీటీ బయటపెడుతుంది.

"మా చెల్లెలు రక్తం తాగే మిషనుకు మేత వేస్తుంది" అని వాళ్ళన్నయ్య కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. నోరు తెరిస్తే వేళాకోళమే. చెల్లెలికి నిదానమ్మ అన్న పేరు ఆసుపత్రి వాళ్ళు పెట్టారని తెలిసినప్పుడు, ఇంత మంచి పేరు ఇన్నేళ్ళూ నాకెందుకు తట్టలేదని తెగ బాధపడ్డాడు.

ఆ పేరు రావడానికి కారణం ఉంది. మిషనుకూ లోపలి కంప్యూటరుకూ మధ్య తీగ వేస్తామని ఎప్పటినుంచో అంటున్నారు, వేసిన పాపాన పోలేదు. అందుకని చీటీ పట్టుకుని ఆమే వరండా దాటి లోపలికి వెళ్ళాలి. వరండా పొడుగునా గోడకానుకుని ఒక బల్ల. రోగుల తాలూకు వాళ్ళంతా ఆ బల్ల మీదే పడి ఉంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, అంకెలు మరీ పాడుగా ఉన్నాయని ఆమె చీటీతో పరుగెత్తింది. బల్ల మీదున్న ఓ ముసలాయన అది చూసి, తన కొడుకు పనైపోయిందనుకుని నేల మీద కూలబడిపోయాడు. ఆ చీటీ ఆయన కొడుకుది కాదు. కొడుకు తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు గానీ, తండ్రికి ఆనాడు పడిపోయిన చెయ్యి మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి ఆమె పరుగెత్తడం మానేసింది. మంచి చీటీ అయినా చెడ్డ చీటీ అయినా ఒకటే నడక, ఒకటే ముఖం. ఎవరైనా అడిగితే "డాక్టరుగారు చూడాలండీ" అంటుంది, అంతే. బల్ల మీది వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఆమె వస్తుంటే మాటలాపి ముఖంలోకి చూస్తారు, ఏమీ కనబడకపోతే అదే మంచి కబురనుకుని మళ్ళీ కూర్చుంటారు.

చీటీలో బోలెడు అంకెలుంటాయి గానీ ఆమె కళ్ళు ముందు రెండింటి మీదికే పోతాయి. రక్తం ఎంత ఆమ్లమైపోయిందో ఒకటి చెబుతుంది. ఒంటికి ప్రాణవాయువు అందక లాక్టేట్ ఎంత పోగుపడిందో రెండోది చెబుతుంది. ఒక్క చీటీతో సాధారణంగా ఏమీ తేలదు. వెనకటి చీటీ పక్కన పెట్టి చూడాలి. లాక్టేట్ దిగుతుంటే మనిషి ఒడ్డుకు వస్తున్నట్టు. ఎక్కుతూ పోతుంటే ఏమిటన్నది ఆమె ఎవరికీ చెప్పదు.

ఆ అన్నయ్యనే ఇప్పుడు లోపల కిటికీ పక్క పడక మీద పడుకోబెట్టారు. కడుపునొప్పి వస్తే గ్యాసని సోడాలు తాగుతూ కూర్చున్నాడు మహానుభావుడు. చెల్లెలు ఆసుపత్రిలోనే పనిచేస్తుంది, ఒక్క మాట చెప్పొచ్చు కదా? చెబితే సూది వేయిస్తుందని భయం. లోపల అపెండిక్సు పగిలి చీము కడుపంతా పాకాక తీసుకొచ్చారు. ఆపరేషన్ చేశారు, కానీ విషం అప్పటికే రక్తంలోకి ఎక్కింది. నోట్లో గొట్టం వేసి మత్తులో ఉంచారు.

"మీ అన్నయ్య నోరు మూయించాలంటే గొట్టమే వేయాల్సి వచ్చింది చూడు" అంది వదిన, నవ్వబోయి నవ్వలేక. ఆమె బల్ల చివర చోటు చూసుకుని కూర్చుంది, మళ్ళీ ఇంటిముఖం చూడలేదు. నిదానమ్మను సెలవు పెట్టుకోమన్నారు. పెట్టలేదు. మిషను దగ్గరుంటే అన్నయ్య సంగతి అందరికంటే ముందు తనకే తెలుస్తుందనుకుంది. తెలిసి ఏం చేస్తుందో మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజు పొద్దున లాక్టేట్ కాస్త దిగింది. డాక్టరు బయటికొచ్చి, కొంచెం నయమే, చూద్దాం అని వదినతో అన్నాడు. ఆ ఒక్క మాటకే వదిన ముఖం కడుక్కుని తల దువ్వుకుంది. ఇంట్లో చిన్నపిల్ల నానమ్మ చేత్తో తినడం లేదట, ఒక పూట వెళ్ళి రావాలని ఆమెకు మనసు లాగుతోంది.

మధ్యాహ్నం వచ్చిన చీటీ చూసి నిదానమ్మ స్టూలు మీద అలాగే ఉండిపోయింది. లాక్టేట్ రెట్టింపు దాటింది. రక్తం చేరడం ఆలస్యమై ఉంటుందనుకుంది, ఐసు కరిగి రక్తం వెచ్చబడి అంకె పెరిగి ఉంటుందనుకుంది. ఐసు కరగలేదు. ఎవరి రక్తమో పొరపాటున వచ్చిందేమోనని సిరంజి మీది పేరు మళ్ళీ చదివింది. పేరు అన్నయ్యదే. నర్సును బతిమాలి మళ్ళీ తీయించింది. అప్పటికే కమిలి నల్లబడ్డ ఆ మణికట్టులో, తన నమ్మకం కోసం ఇంకో పోటు. రెండో చీటీ మొదటిదానికంటే అన్యాయంగా ఉంది. మిషనును నోటికొచ్చినట్టు తిట్టింది. పాపం, దాని తప్పేముంది?

చీటీ మడిచి వరండాలోకి వచ్చింది. కాళ్ళు పరుగెత్తుదామంటున్నాయి. ఆమె పరుగెత్తలేదు. ఇన్నేళ్ళ అలవాటు మెడ పట్టుకుని నడిపించింది. బల్ల దగ్గర వదిన సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. వదిన కూడా అందరిలాగే ఆమె ముఖంలోకే చూసింది.

"డాక్టరుగారు చూడాలి వదినా" అంది నిదానమ్మ.

"సరే అయితే. పిల్లకి నాలుగు ముద్దలు పెట్టేసి వచ్చేస్తాను. నువ్వున్నావుగా" అంది వదిన.

ఉండు వదినా అంటే సరిపోయేది. అంటే, ఆ చీటీ నిజమైపోతుంది. ఇంకా మందులున్నాయి, సాయంత్రం దాకా చూడొచ్చు, పిల్ల తినాలి కదా అని ఆ ఒక్క క్షణంలో తనకు తానే ఎన్నో చెప్పుకుంది. వదిన మెట్లు దిగిపోయింది.

లోపల చేయగలిగిందంతా చేశారు. మందులు పెంచారు, రక్తం శుభ్రం చేసే మిషను తెచ్చి పడక పక్కన పెట్టారు. దాన్ని తగిలించే లోపే బీపీ జారిపోయింది. నిదానమ్మ ఫోన్ చేస్తే, వస్తున్నా, దారిలో ఉన్నా అంది వదిన. ఆ తర్వాత నిదానమ్మకు చేయడానికి ఏ పనీ లేదు. అన్నయ్య పాదం పట్టుకుని నిలబడింది. అది తన చేతిలోనే చల్లబడింది.

వదిన వచ్చింది. సంచీలో ఉతికిన చొక్కా, కళ్ళజోడు, గడ్డం గీసుకునే సామాను, చిన్న అద్దం. వార్డులోకి మార్చాక ఆయన ముందు అద్దమే అడుగుతాడని తెచ్చింది. లోపలికి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు. ఆడపడుచు చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంది:

"నీ ముఖం చూసే వెళ్ళానమ్మా. ఏమైనా ఉంటే నీ ముఖంలో తెలుస్తుందనుకున్నాను. మీ అన్నయ్య కదా అని."

అందులో కోపం లేదు. ఉంటే భరించేది. నిదానమ్మ అక్కడే, వరండా మధ్యలో, గోడకు జారగిలబడి గొంతెత్తి ఏడ్చింది. ఇన్నేళ్ళుగా మారని ఆ ముఖం అందరి ముందూ ముక్కలైపోయింది.

బల్ల మీది వాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒకాయన చేతిలోని గ్లాసు జారిపోయింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రతి ఒక్కరి కళ్ళూ ఆమె మీదే, ఎవరికి వాళ్ళు తమ మనిషికే ఏదో అయిందనుకుంటూ.

ఆ ఏడుపులోనే ఆమె చెయ్యి పైకెత్తి, వాళ్ళను కూర్చోమన్నట్టు ఊపింది.

"మీ వాళ్ళు కాదండీ" అంది. "మా అన్నయ్య."