చివరి బండి సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందన్న కబురు నేను పంక్చరు వేస్తుండగా వచ్చింది. ఇక్కడ ఒమాన్‌లో, ఇబ్రి ఆస్పత్రిలో ఆమె చేతికింద పని నేర్చుకున్న నర్సమ్మాయి ఫోన్ చేసింది. నరసాపురం పక్కన సొంత ఊళ్లో, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. నాతో పరాచికాలు వద్దన్నాను. ఊరందరినీ ఆటపట్టించి బతికేవాడికి ఎదుటివాళ్లు నిజం చెప్పినా నమ్మబుద్ధి కాదు. ఆ పిల్ల ముక్కు చీదింది. అప్పుడు నమ్మాను. టైరును నీళ్లతొట్టిలో ముంచి పట్టుకుని, బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను. బుడగలు కనబడుతూనే ఉన్నాయి గాని, చిల్లు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

చదివే మీలో ఆమెను చూసినవాళ్లు తక్కువే ఉంటారు. ఒకవేళ ఇబ్రిలో జ్వరమొచ్చి పడుకుని, "లేరా అబ్బాయ్, జ్వరం నీకా నాకా, నేనొక్కదాన్నే తిరుగుతున్నాను" అని తిట్టించుకుని ఉంటే, ఆ తిట్టింది ఆమే.

మా అర్బాబు, అంటే నా ఒమానీ యజమాని, దగ్గర ఇసుకలో నడిపే క్వాడ్ బళ్లున్నాయి. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు, వెనక ఒక పొడుగాటి కర్రకు జెండా. ఇసుక దిబ్బకు అటువైపు నుంచి వచ్చేవాడికి ముందు జెండా కనబడాలి, తర్వాత బండి కనబడాలి, లేకపోతే ఇద్దరూ ఆస్పత్రిలో కనబడతారు. చలికాలం శుక్రవారాల్లో ఈ బళ్లమీద ఒక క్లబ్బు ఎడారిలోకి వెళ్లేది. ఒమానీ కుర్రాళ్లు, మలయాళీ అకౌంటెంట్లు, పాకిస్తానీ కాంట్రాక్టరు, కెనడా నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. నేను నిజామాబాద్ జిల్లావాణ్ణి, ఏడో తరగతిలో బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి. బళ్లను పికప్‌లో ఎక్కించుకు వెళ్లడం, చెడితే బాగుచేయడం, పడినవాళ్లను చూసి నవ్వడం నా డ్యూటీ. మూడోది కంపెనీ ఇచ్చింది కాదు, నేనే కలుపుకున్నాను.

పడినవాళ్లకు కట్టు కట్టే మనిషి కావాలని అర్బాబు ఆస్పత్రిలో అడిగితే, వయసులో ఉన్న నర్సులంతా ఎండకు నల్లబడతామని తప్పుకున్నారట. రిటైరుమెంటుకు దగ్గరపడిన సిస్టరమ్మ మాత్రం, తాను ఇంకా నల్లబడటానికి చోటే లేదని బయల్దేరింది. పొద్దున చర్చికి వెళ్లి, అదే చీరమీద పైనుంచి మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. నా పికప్‌లో కూర్చుంటుందనుకున్నాను. ఆమె నేరుగా వెళ్లి క్వాడ్ మీద కూర్చుంది. మరుసటి శుక్రవారం నుంచి చీర మాని ఆస్పత్రి ప్యాంటు వేసుకొచ్చింది.

నేర్పింది నేనే. నేర్పింది నేను కాబట్టి మొదటి రోజే గేరు వెనక్కి వేసి ఇచ్చాను. ముందుకు పోతుందనుకున్న సిస్టరమ్మ సర్రున వెనక్కి వెళ్లి తుమ్మపొదలో ఆగింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అదే నన్ను భయపెట్టింది. రెండు వారాల తర్వాత నా మోచేతికి ఇనుప తీగ గీసుకుంటే, ధనుర్వాతం వస్తుందని చెప్పి, నలుగురి ముందు నన్ను పికప్ బానెట్ మీద బోర్లా పడుకోబెట్టి, ఒంటెలకు వేసే సూది బయటికి తీసింది. నేను మా కులదేవతలందరినీ పిలిచాను. ఆమె తడి దూది ఒకటి రాసి వదిలేసింది.

"నువ్వు నన్ను పడేత్తావా, నేను నిన్ను పడుకోబెడతాను. లెక్క సరిపోయింది, లెగు."

ఆ రోజు నుంచి మేమిద్దరం మంచి దోస్తులం.

బళ్లు కదిలే ముందు ఆమె కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేది. బళ్లకు బ్రేకులు, వీళ్లకు బుద్ధి దయచేయమని. ఒమానీ కుర్రాళ్లకు అర్థం కాకపోయినా చివర్లో ఆమీన్ అనేవాళ్లు. హార్లిక్స్ సీసాలో చేగోడీలు తెచ్చేది. మనిషికి ఒకటి, పడినవాడికి రెండు. కొందరు చేగోడీ కోసం కావాలనే పడుతున్నారని నేను పితూరీ చేస్తే, నిజంగా పడ్డవాడి మొహం తనకు తెలుసునంది.

ఇంకో పట్టు ఉండేది ఆమెకు. వరసలో ఎప్పుడూ చివరి బండి తనదే. నెమ్మదిగా నడుపుతుంది కాబట్టి వెనకబడిందని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. కాదు. ముందున్నవాడికి దారి కనబడుతుంది, వెనకున్నవాడికి పడినవాళ్లు కనబడతారు అనేది. దిబ్బ దిగి, ఇంజన్లు ఆపి, మేమంతా వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ముందు నారింజరంగు జెండా కొస, ఆ తర్వాత తువ్వాలు, ఆ తర్వాత నల్లకళ్లద్దాలు పైకి వచ్చేవి. అవి వచ్చాయంటే వెనక ఎవరూ మిగల్లేదని అర్థం. అప్పుడు టీ పోసుకునేవాళ్లం.

ఇక అసలు సంగతి.

మేం బళ్లు నడిపే ఇసుకకు అవతల ఒంటెల, మేకల దొడ్లున్నాయి. ఇక్కడ ఇజ్బా అంటారు. వాటిలో కాపలా ఉండేది మనవాళ్లే, మా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. రోడ్డు నుంచి దొడ్లకు గట్టినేల మీద ఒక బండిబాట ఉంది గాని, గాలి లేస్తే బాట ఏదో బయలు ఏదో తెలియదు. ఒక గాలిరోజున ఒక కాపరిని పాము కరిచింది. పికప్‌లో వేసుకుని బయల్దేరిన డ్రైవరు దారి తప్పి, తిరిగి తిరిగి మళ్లీ అదే దొడ్డికి చేరాడు. మళ్లీ బయల్దేరాడు. ఆస్పత్రికి వచ్చేసరికి మనిషి దక్కాడు, కాలు దక్కలేదు. అతనికి రోజూ కట్టు మార్చింది సిస్టరమ్మ. అతను ఇంటికి వెళ్లిపోయాక, ఆమె చేగోడీలు పంచుతూ పంచుతూ మధ్యలో ఆగి ఆ బాటవైపు చూడటం నేను గమనించాను. ఆ చలికాలం ముగిసేలోపు ఆమె కాంట్రాక్టు కూడా ముగుస్తుంది. వెళ్లేలోపు ఆ బాటకు గుర్తులు పెట్టించాలని మనసులో పెట్టుకుంది.

మొదట మేం కర్రలు పాతి బట్టలు కట్టాం. మరుసటి శుక్రవారం వెళ్లేసరికి ఒంటెలు కర్రలకు వీపు గోక్కుని పడేశాయి, బట్టలు మేకలు నమిలేశాయి. పాతినవాణ్ణి నేనే కాబట్టి నవ్వలేకపోయాను.

అప్పుడు కెనడా ఇంజనీరు ఒక మాట చెప్పాడు. వాళ్ల దేశంలో మంచుమీద నడిచే మోటారు బళ్లుంటాయట, వాటికి ఇలాంటి క్లబ్బులే ఉంటాయట. ఏడాదికోసారి అందరూ కలిసి దానం కోసం బళ్లు నడుపుతారట. వచ్చిన డబ్బులో కొంత ఆస్పత్రికి, కొంత మంచులో దారులు చదును చేసి గుర్తులు పెట్టడానికి. ఇదంతా విని సిస్టరమ్మ సంబరపడింది.

"మంచుకీ ఇసకకీ తేడా ఏముందిరా. అది చల్లగా ముంచుద్ది, ఇది వేడిగా ముంచుద్ది. మనవూ చేద్దాం."

నేను ఆ ఊపులో మన బుద్ధి చూపించాను. మా ఊళ్లో వినాయకుడికి అలవాటే కదా, ఒక చందా రసీదు పుస్తకం కొట్టించాను, పైన క్వాడ్ బొమ్మతో సహా. చాలా అందంగా వచ్చింది. అర్బాబుకు చూపిస్తే ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరమని, నువ్వు మొదటి రసీదు చింపితే రెండోది జైల్లో చింపుకోవాలని చెప్పాడు. ఆ పుస్తకం నా చాయ్ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొచ్చింది.

అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. సిస్టరమ్మ మా గ్యారేజీ వెనక్కి వెళ్లి, అరిగిపోయిన టైర్ల గుట్టముందు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. వాళ్ల ఊరి చర్చి ఆవరణలో మొక్కల చుట్టూ టైర్లు సగం పాతి తెల్లరంగు వేస్తారట. వాటిని ఆవు నమలలేదు, గేదె పడేయలేదు. డబ్బొద్దు, మనిషికి ఒక టైరు మోస్తే చాలంది. అర్బాబు మునిసిపాలిటీలోనూ, దొడ్ల యజమానుల దగ్గరా మాట్లాడి సరే అనిపించుకున్నాడు.

సీజనులో ఆఖరి శుక్రవారం. టైర్లకు తెల్లరంగు వేసి, వరసగా పేర్చాను. క్లబ్బువాళ్లు వచ్చారు, చూశారు, గొణిగారు. ఏడాదికి ఆఖరి ఆట, దిబ్బలు ఎగరాల్సిన రోజున చెత్త మోయడమా అని ఒకడు. కొత్త బండికి రంగు అంటుతుందని ఇంకొకడు. వచ్చే ఏడు చూద్దామని అకౌంటెంట్లు. వచ్చే ఏటికి సిస్టరమ్మ ఉండదని, ఆమె లేకపోతే ఈ పని ఎవడూ ఎత్తుకోడని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమెకు హిందీ అంతంతమాత్రం. నన్ను పక్కకు పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని, నా మసాలా వేయవద్దని ఒట్టు పెట్టించుకుంది.

"మీరు ఇసకలో తప్పిపోతే నలుగురు బళ్లేసుకుని వెతుకుతారు. వాళ్లు తప్పిపోతే మేకలు తప్ప ఎవరూ వెతకరు."

అంతే చెప్పింది. నేనూ అంతే చెప్పాను. నా జన్మలో మసాలా వేయకుండా చెప్పిన మాట అదొక్కటే. తర్వాత ఆమె ఒక టైరును దొర్లించుకుంటూ తన బండి దగ్గరికి వెళ్లి, క్యారియరు మీదికి ఎత్తబోయింది, ఎత్తలేకపోయింది. పాకిస్తానీ కాంట్రాక్టరు గబగబా వచ్చి ఒక చెయ్యి వేశాడు. అతను తన బండికి కూడా ఒకటి కట్టుకున్నాడు. అర్బాబు తన తెల్లని పొడుగు అంగీ, దిష్‌దాషా మీద మరక పడుతున్నా ఇంకోటి ఎత్తాడు. ఇక మిగిలినవాళ్లకు చేతులు కట్టుకుని నిలబడటం కష్టమైంది.

రోడ్డు నుంచి దొడ్లదాకా, ఒక టైరు దగ్గర నిలబడితే తర్వాతిది కనబడేలా పాతుకుంటూ పోయాం. సగం నేలలో, సగం పైన, లోపల రాళ్లు కుక్కి. సిస్టరమ్మ చివరి బండి కాబట్టి ఆమె టైరు చివర వచ్చింది. దొడ్లకు కాస్త ఇవతల, చిన్న రాతిదిబ్బ మీద. అక్కడ మలుపూ లేదు, అవసరమూ లేదు. పైగా నిలబెట్టి పాతకుండా అడ్డంగా పడుకోబెట్టమంది. అది గుర్తెట్లా అవుతుందని నేను వాదించాను. తన మోకాళ్లు నొప్పులని, ముందు తాను కూర్చోవాలని, గుర్తు సంగతి తర్వాతని చెప్పి, దానిమీద కూర్చుని నీళ్లు తాగింది. చేగోడీల సీసా ఖాళీ చేసింది. ఆ రోజు పడకపోయినా అందరికీ రెండేసి. మేం దానికి సిస్టరమ్మ కుర్చీ అని పేరు పెట్టాం.

ఆమె వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని నన్ను అడిగేది కాదు, టైర్లెలా ఉన్నాయిరా అనేది. ఒకసారి మా గ్యారేజీ టైర్ల గుట్ట ఫొటో తీసి, ఒంటెలు అన్నీ పెకలించి ఇక్కడ కుప్పేశాయని పంపాను. ఒంటెకి అంత ఓపికుంటే నీ బదులు దాన్నే పనిలో పెట్టుకునేవాడు మీ అర్బాబు అని వాయిస్ మెసేజీలో జవాబొచ్చింది. ఆ గొంతు ఫోన్లో ఇంకా ఉంది. మొన్నటినుంచి వినలేదు. వింటే నవ్వొస్తుంది, నవ్వితే ఆగేట్టు లేదు.

కబురు తెలిసిన తర్వాతి శుక్రవారం ఒక డబ్బా తెల్లరంగు, బ్రష్షు పట్టుకుని పికప్‌లో ఒక్కణ్ణే వెళ్లాను. టైర్లు ఉన్నాయి. ఇసుక కొన్నిటిని మెడదాకా ముంచింది, అయినా తెల్లగా కనబడుతున్నాయి. వాటిని పట్టుకునే చివరిదాకా వెళ్లాను. సిస్టరమ్మ కుర్చీకి రంగు వేద్దామని దిబ్బ ఎక్కితే, దానిమీద ఒక కాపరి కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. కొత్తవాడు, జగిత్యాల వైపు మాట. ఇంటికి మాట్లాడుతున్నట్టుంది, పాపను బడికి పంపినవా లేదా అని అడుగుతున్నాడు. నన్ను చూసి, ఎవరో అన్న వచ్చిండు ఆగు అని ఫోన్‌ను గుండెకు ఆనించుకున్నాడు.

ఈ చుట్టుపక్కల దొడ్లన్నిటిలో సిగ్నలు వచ్చేది ఇక్కడొక్కచోటేనట. పొద్దుగూకే ముందు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంటారట. టైరు పైభాగంలో రంగు ఎప్పుడో పోయింది, కూర్చుని కూర్చుని నల్లగా నిగనిగలాడుతోంది. అతను నా చేతిలో డబ్బా చూసి కంగారుపడ్డాడు.

"అన్నా, పెయింటేస్తే ఆరేదాక మేమెక్కడ కూసోవాలె?"

"పైన వెయ్య తియ్, చుట్టూ వేస్త. నువ్వు లేవకు, మాట్లాడుకో."

అతను కాళ్లు కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ రంగు వేస్తూ పోయాను. కొంతసేపయ్యాక అతనే అడిగాడు, ఇది ఎవరిదో కుర్చీ అంటరు, ఎవరిదన్నా అని. మా సిస్టరమ్మదని చెప్పాను. ఆమె ఇప్పుడు ఎక్కడున్నది అన్నాడు.

"చివరి బండిల వస్తది. అందరు పోయినంక."

అతను నమ్మాడు. ఒకసారి తలతిప్పి బాటవైపు చూశాడు. నేనూ చూశాను. దిబ్బ కింది నుంచి రోడ్డుదాకా తెల్లటి సగం సగం టైర్లు, ఒకదాని వెనక ఒకటి, పొద్దు వాలిన వెలుగులో పసుపు రంగుకు తిరుగుతున్నాయి. బాటమీద బండీ లేదు, జెండా కొసా లేదు. అతను ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుని, ఆ, చెప్పు, ఏమన్నది టీచరమ్మ అని పాప సంగతిలో పడ్డాడు. తడిరంగు తగలకుండా ఎత్తిపెట్టుకున్న అతని కాళ్లు, మాటల్లో మరిచిపోయి, చిన్నపిల్లవాడివిలా గాల్లో ఊగుతున్నాయి.